ప్రధాని రోడ్‌షో రోజున హైదరాబాద్ మెట్రో

ఎన్నికల ఏడాదిలో ప్రధాని ఊళ్లోకి వస్తే సిటీ సగం ఆగిపోతుంది, అలాంటప్పుడు బండి తీయొద్దు, మెట్రో ఎక్కండి. 2023 నవంబర్ 27న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి కాచిగూడ వరకు మోదీ రోడ్‌షో జరిగింది కదా, ఆ సాయంత్రం క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ "అటు రాలేను సార్, బారికేడ్లు పెట్టేశారు" అని కాన్సిల్ చేశాడు, ఆయన్నీ తప్పుపట్టలేం. అమీర్‌పేటలో రైలెక్కాను. నిలబడటానికే చోటు, ఒకాయన టిఫిన్ క్యారేజీని గుండెలకు హత్తుకుని నిల్చున్నాడు, అయినా కింద రోడ్డు మీద వాళ్లకంటే ముందే ఇల్లు చేరాం.

మూడు కారిడార్లు, 69 కిలోమీటర్లు. ఇంకా పెరగాలి, ఎయిర్‌పోర్టుకు లైన్ లేకపోవడం పెద్ద లోటు.

అయితే ఒక మాట. ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లో ఉన్నప్పుడు మంత్రులు అధికారిక పర్యటనను ప్రచారంతో కలపకూడదు, ప్రధానికి మాత్రం మినహాయింపు ఉంది. భద్రత కారణంగా అది అర్థమవుతుంది. కానీ 2024 మార్చి 5న, అంటే కోడ్ రాకముందే, సంగారెడ్డిలో మోదీ చేతుల మీదుగా అభివృద్ధి పనుల ప్రారంభం, ఆయన పార్టీ సభ రెండూ ఒకే రోజు జరిగాయి. ఏది ప్రభుత్వ పని, ఏది ప్రచారం అన్నది మాలాంటి వాళ్లకు ఎలా తెలియాలి? ఏ పార్టీ ప్రధాని అయినా నేను ఇదే అడుగుతాను. పర్యటన ఖర్చులో పార్టీ ఎంత కట్టిందో అందరికీ కనిపించేలా పెట్టాలి.

మెట్రోకి నా రేటింగ్ 5కి 4. సభ రోజైతే ఆ దగ్గరి స్టేషన్ తెరిచి ఉందో లేదో ముందే చూసుకుని బయల్దేరండి.