మూలుగ పీచు పట్టే జబ్బుకు మాత్రలా, మార్పిడా: ఏది మేలు?

రెండు ముద్దలు తినేసరికి నాన్న "ఇంకొద్దమ్మా, కడుపు నిండిపోనాది" అనేవారు. ఆరు నెలలు గ్యాస్ మాత్రలు మింగించాం. ఎడమ డొక్క తడిమి "బల్ల పెరిగిందే" అన్నది మా పక్కింటి మామ్మే. బల్ల అంటే ప్లీహం. విజయనగరం నుంచి విశాఖ తీసుకెళ్తే సూదికి మూలుగ రాలేదు. ఎముక ముక్క తీసి పరీక్షించి మైలోఫైబ్రోసిస్ అన్నారు.

ముదిరిన బెండకాయకు పీచు పట్టినట్టు ఎముకలోని మూలుగకు పీచు పడుతుంది. అక్కడ తయారవ్వాల్సిన రక్తం పని బల్ల మీద పడి అది ఉబ్బుతుంది. ఇది అరుదైన క్యాన్సర్, మెల్లగా నడిచే రకం. సగం మందికి పైగా జాక్2 అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. 2005లో దాన్ని కనిపెట్టాకే కొత్త మందులకు దారి దొరికింది.

ఏ వైద్యం అన్నది తేల్చే ముందు ఒక లెక్క కడతారు. వయసు 65 దాటిందా, హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గిందా, తెల్లకణాలు 25 వేలు మించాయా, రక్తంలో ఇంకా ఎదగని పచ్చి కణాలు ఉన్నాయా, రాత్రి చెమటలు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని చూస్తారు. వాటిని బట్టి ముప్పును నాలుగు మెట్లుగా విడదీస్తారు. ముప్పు మరీ తక్కువైతే చాలామంది ఏళ్ల తరబడి బాగుంటారు. దాని పై మెట్టులో సగం మంది 14 ఏళ్లు దాటి బతికారు, ఆ తర్వాతి మెట్టులో సుమారు 4 ఏళ్లు, చివరి మెట్టులో ఏడాదిన్నర. నాన్నకు 68 ఏళ్లు, హిమోగ్లోబిన్ 9.2, రాత్రి చెమటలు. అంటే నాలుగేళ్ల మెట్టు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ లెక్క 2010లో వచ్చింది, ఇప్పటి మందులు రాకముందు రోగులను చూసి కట్టింది.

మాత్రల్లో హైడ్రాక్సీయూరియా చవక. మన ఏజెన్సీలో సికిల్ సెల్ పిల్లలకు వాడేదీ ఇదే. పెరిగిన కణాలను అదుపు చేస్తుంది, బల్ల కొంత తగ్గొచ్చు. నాన్నలా రక్తం తక్కువున్న వాళ్లకు మాత్రం ఇంకా తగ్గిస్తుంది.

రెండోది రుక్సోలిటినిబ్, ఆ జాక్2 పనిని అడ్డుకునే మాత్ర. ఇది 2011లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక పెద్ద పరీక్షలో 24 వారాలకు దాదాపు 42 శాతం మందికి బల్ల మూడో వంతుకు పైగా తగ్గింది. మందు లేని మాత్ర వేసుకున్న వాళ్లలో అలా తగ్గింది ఒక శాతం లోపే. చెమటలు, దురద, నీరసం కూడా తగ్గుతాయి. అయితే జబ్బు మూలం అలాగే ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు హిమోగ్లోబిన్ పడిపోతుంది, సర్పి రావచ్చు, పాత టీబీ తిరగబెట్టొచ్చు. అందుకే ముందే టీబీ పరీక్ష అడగండి.

జబ్బును పూర్తిగా పోగొట్టగలిగేది మూలుగ మార్పిడి ఒక్కటే, అంటే సరిపోలిన వేరొకరి మూలుగ కణాలు ఎక్కించడం. సొంత తోబుట్టువు సరిపోలే అవకాశం నలుగురిలో ఒకరికి. సగం సరిపోలిన వాళ్ల నుంచి కూడా ఇప్పుడు చేస్తున్నారు. కానీ పదిమందిలో ఇద్దరు ముగ్గురు దాకా ఆ వైద్యం వల్లే చనిపోతారు. సుమారు 100 రోజులు ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండాలి. వంట, శుభ్రత అన్నీ చూసుకునే మనిషి ఒకరు పని మానేసి పక్కనే ఉండాలి. ఈ ఖర్చు బిల్లులో కనిపించదు.

మేం నాన్నకు రుక్సోలిటినిబ్ మాత్రలే ఎంచుకున్నాం. మార్పిడికి సాధారణంగా 70 లోపు చూస్తారు కాబట్టి ఆయనకు తలుపు పూర్తిగా మూసుకోలేదు, కానీ షుగర్, గుండె రెండూ ఉన్నాయి. ఇదే జబ్బు ఇదే మెట్టులో 48 ఏళ్ల మనిషికి వస్తే నేను మార్పిడికే వెళ్లమంటాను. అదీ బల్ల మరీ పెరగకముందే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే. మాత్రలతో కాస్త బాగుందని రెండేళ్లు గడిపి, అప్పుడు మార్పిడి చేసే డాక్టర్ దగ్గరకు వెళ్తే ఆలస్యం. మాత్రలు మొదలుపెట్టిన నెలలోనే ఆయన్నీ ఒకసారి కలవండి. ఖర్చుకు ఏ పథకం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. రుక్సోలిటినిబ్ హఠాత్తుగా ఆపితే జ్వరం, బల్ల నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టొచ్చు. ఆపాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. మా ఇంట్లో పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తమ్ముడు విశాఖ బస్సు ఎక్కుతాడు.