ఆఫ్రికా వెళ్తున్నారా? ‘మలేరియా ఇంజెక్షన్’ అంటే లేచి వచ్చేయండి

కంపెనీ పని మీద మూడు నెలలు కంపాలా వెళ్లాల్సి వచ్చింది. ఉగాండాలో దిగాలంటే ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా వేయించుకున్నట్టు కార్డు చూపించాల్సిందే. అమీర్‌పేట వైపు ఒక సందులో ‘విదేశీ ప్రయాణ టీకాలన్నీ ఒకేచోట’ అని బోర్డు కనిపించింది. ఆఫీసుకు దగ్గరే కదా అని వెళ్లి, తొమ్మిదిన్నర వేలు కట్టి, ఎల్లో ఫీవర్, టైఫాయిడ్, ‘మలేరియా’ అంటూ మూడు ఇంజెక్షన్లు పొడిపించుకుని వచ్చాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ సెంటర్ పేరు రాయడం లేదు.

అప్పుడే అనుమానం రావాల్సింది. గదిలో ఫ్రిజ్ ఉంది, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ ఉంది, ప్లగ్గు మాత్రం పీకేసి ఉంది. ఎల్లో ఫీవర్ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. సూది వేసే అతను దాన్ని టేబుల్ సొరుగులోంచి తీశాడు. ఒంట్లో ఏమైనా జబ్బులున్నాయా, ఏ మందులు వాడుతున్నారు అని ఒక్క ముక్క అడగలేదు. అడిగిందల్లా “క్యాషా సర్, ఫోన్‌పేనా?” అని.

ఆఫీసులో బిల్లు పెట్టాలి కదా అని ఖాళీ సీసాలకు ఫోటో తీశాను. ఆ ఫోటోనే నన్ను కాపాడింది. సర్కారు ఆసుపత్రిలో 30 ఏళ్లు సిస్టరుగా చేసి రిటైరైన మా పిన్నికి మాటల్లో చెప్తే, “మలేరియాకి ఇంజెక్షనేంట్రా? నీకు జ్వరం వచ్చిందా?” అంది. ఫోటో పెద్దది చేసి చూసి, “ఇది ఆర్టీఈథర్. మలేరియా వచ్చి పడుకున్నవాళ్లకి చేస్తాం. రాకుండా ఆపేది కాదు ఇది” అని తేల్చేసింది.

మలేరియాకు టీకాలు లేకపోలేదు. ఆర్‌టీఎస్,ఎస్‌ను 2021లో, ఆర్21ను 2023లో డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సు చేసింది. కానీ అవి మలేరియా ఉన్నచోట పెరిగే చిన్నపిల్లల కోసం. మనలాగా వెళ్లొచ్చేవాళ్లకు ఇచ్చేవి మాత్రలే. మలేరియాను మోసుకొచ్చేది దోమేనని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన బేగంపేటలో. అక్కడికి కూతవేటు దూరంలో నాకు ఈ టోపీ పెట్టారు.

ఇక కార్డు. పసుపు కాగితమే, లామినేషన్ కూడా చేసిచ్చారు. బ్యాచ్ నంబరు గడి ఖాళీ. గుర్తింపు ఉన్న కేంద్రం ముద్ర లేదు, ఎవరిదో డాక్టరు రబ్బరు స్టాంపు ఉంది. ఎల్లో ఫీవర్ టీకా కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లో వేయించుకుంటేనే కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో అందరికీ తెలిసింది నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). పాస్‌పోర్టు పట్టుకుని అక్కడికి పరుగెత్తాను.

అక్కడ డాక్టరుగారు గుడ్డు పడుతుందా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులేమైనా వాడుతున్నారా అని అడిగాకే సూది పట్టమన్నారు. 60 దాటినవాళ్లను, గర్భిణులను ఇంకా జాగ్రత్తగా చూస్తారట. ముందు నాకు పొడిచిన ‘ఎల్లో ఫీవర్’ సీసాలో ఏముందో ఈ రోజుకీ తెలియదు. మూడింటిలో టైఫాయిడ్ టీకా ఒక్కటే అసలైనది.

అసలు దెబ్బ తగిలింది ఇక్కడ. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. నా ఫ్లైట్‌కి ఉన్నది ఆరు రోజులు! టిక్కెట్టు మార్చుకోవడానికి 14 వేలు వదిలాయి, మేనేజర్‌తో చివాట్లు అదనం. టిక్కెట్టు కొనకముందే టీకా సంగతి చూసుకోండి. ఏ రోజు వేస్తారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకని నచ్చినప్పుడు వెళ్తే వేయరు. ఇంకోటి, పదేళ్లయింది మళ్లీ వేయించుకోవాలి అని ఎవరైనా అంటే నమ్మకండి. 2016 జులై నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా దగ్గరే పెట్టుకోండి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

ఆ సందులో సెంటర్ వాళ్లు ‘వారానికొకటి’ అంటూ క్లోరోక్విన్ అనే మలేరియా మాత్రల స్ట్రిప్ కూడా ఇచ్చారు. ఉగాండాలో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం మలేరియా దానికి లొంగదు. మా ఫిజీషియన్ డాక్సీసైక్లిన్ రాశారు. బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజుకొకటి, వచ్చాక నాలుగు వారాలు. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే నడుం వాల్చకూడదు, లేదంటే గొంతులో మంట. మీకు ఏది పడుతుందో మీ డాక్టర్నే అడగండి. మాత్రలు వేసుకున్నా దోమతెర తప్పదు.

డబ్బు వెనక్కి అడగడానికి పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లాను. “మేం ఫెసిలిటేషన్ మాత్రమే మేడమ్” అన్నాడు. గంట గొడవపడితే మూడు వేలు చేతిలో పెట్టాడు. నిన్న అటువైపు వెళ్తుంటే చూశాను, బోర్డు కింద కొత్త స్టిక్కర్: ‘ఉమ్రా టీకాలు కూడా’.