బడికొచ్చే గాలి డోమ్ ప్లానెటేరియం: పిలవండి, కానీ ఇవి అడిగి పిలవండి

అనంతపురం నుంచి బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియానికి 200 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ బిర్లా ప్లానెటేరియం ఇంకా దూరం. అంత దూరం పిల్లల్ని బస్సులో తీసుకుపోలేని బడుల కోసం ప్లానెటేరియమే వ్యాన్‌లో వస్తుంది. మడత పెట్టిన గుడ్డ డోమ్ (లోపల కూర్చుని ఆకాశం చూసే గుమ్మటం), దాన్ని ఉబ్బించే బ్లోయర్, ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, ఇద్దరు మనుషులు. అరగంటలో అసెంబ్లీ హాల్లో డోమ్ లేచి నిలబడుతుంది. దూరాల సంగతి చూసుకుంటే ఈ సర్వీసు మన జిల్లాలకు చాలా అవసరం. అయితే డోమ్ ఎంత బాగున్నా లోపల వేసే షో చాలాచోట్ల నాసిరకమే.

ఎక్కువమంది చేసే పని, ఇరవై నిమిషాల వీడియో ఒకటి వేసి పిల్లల్ని బయటికి పంపేయడం. రాకెట్ ఎగురుతుంది, గ్రహశకలం మీదికొస్తుంది, పిల్లలు కేకలు పెడతారు. ఆ వీడియో టీవీలోనూ చూడొచ్చు. పైగా వెలుతురు ఎక్కువున్న దృశ్యం డోమ్ ఒక పక్క పడితే ఆ కాంతి ఎదురు పక్కకు తుళ్లి మొత్తం బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత నక్షత్రాలు వేసినా కళ్లకు ఆనవు. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే కనీసం ఐదు నిమిషాలు కావాలి. అందుకే ముందు ఆకాశం, తర్వాతే వీడియో అని గట్టిగా చెప్పండి.

ఆకాశం ఏ ఊరిదో కూడా చూసుకోవాలి. ధ్రువనక్షత్రం ఏ ఊళ్లోనైనా దాదాపు ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులో కనిపిస్తుంది. అనంతపురానికి, కడపకు అది 15 డిగ్రీల లోపే. చెయ్యి చాచి పట్టిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు కాబట్టి మనకు ధ్రువుడు ఉత్తర దిక్కున నేల అంచుకు పిడికిలిన్నర పైన ఉంటాడు. డోమ్‌లో మూడు పిడికిళ్ల ఎత్తున కనిపిస్తే అది ఢిల్లీ ఆకాశం. ఇది చాదస్తం కాదు. మన అక్షాంశంలో సప్తర్షులు ఏడుగురూ అస్తమిస్తారు, నవంబరులో రాత్రి ఎనిమిదింటికి ఒక్కరూ కనబడరు. తప్పు ఆకాశం చూసిన పిల్ల ఇంటికెళ్లి మిద్దె మీద వెతికి, దొరక్క, అదంతా బొమ్మలాట అనుకుంటుంది. ఆకాశాన్ని చూపించడానికి చాలామంది వాడే స్టెల్లేరియం ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఊరు మార్చడం ఒక నిమిషం పని.

అదే సాఫ్ట్‌వేర్‌తో చేయదగ్గ మంచి ప్రదర్శన ఒకటుంది, అడిగితే గానీ చూపించరు. తేదీ జూన్ 22, సమయం మధ్యాహ్నం పన్నెండుంబావు అని పెట్టి, వాతావరణం బటన్ ఆఫ్ చేయించండి. నీలిరంగు పోయి, పట్టపగలే సూర్యుడి చుట్టూ చుక్కలు బయటపడతాయి. సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన, ఎర్రటి ఆర్ద్ర (ఆరుద్ర) నక్షత్రం కాస్త దక్షిణాన. ఆరుద్ర కార్తె అంటే ఏమిటో మాటల్లేకుండా అర్థమవుతుంది. వేరుశనగ వేసే ఇళ్ల పిల్లలకు కార్తెల పేర్లు నోటికొచ్చు. సూర్యుడు ఏ చుక్క దగ్గరున్నాడో చూసి పెట్టిన లెక్క అది అని కళ్లారా చూసేది ఇక్కడే, ఎందుకంటే బయట ఆ చుక్కను పగటి వెలుతురు మింగేస్తుంది. వేళ్ల కొసన మీటలుండి కూడా దీన్ని వదిలేసి గ్రహశకలాలు వేసేవాళ్లను ఏమనాలి!

ఇక సామాను. అడ్డంగా ఐదు మీటర్లుండే డోమ్‌కు నాలుగు మీటర్ల ఎత్తు కప్పు కావాలి. అందులో పాతికమందికి మించి పట్టరు. డబ్బు తలకు ఇంతని లెక్క కాబట్టి నలభైమందిని తోసేస్తారు. అప్పుడు అంచున కూర్చున్నవాళ్ల వీపులు గుడ్డకు ఆని బొమ్మ వంకరపోతుంది. ఉక్క వేరే. ముప్పై మంది పిల్లలు కూర్చుంటే రెండు ఇస్త్రీపెట్టెలు ఆన్ చేసి వదిలేసినంత వేడి పుడుతుంది, బ్లోయర్ తెచ్చేది బయటి గాలే. రేకుల షెడ్డులో వద్దు, మిద్దె హాల్లోనే వేయించండి. షోకు షోకు మధ్య పది నిమిషాలు జిప్పు తెరిచి ఉంచాలి.

చవక సెట్లలో ప్రొజెక్టర్ బొమ్మను గుండ్రటి అద్దం మీద కొట్టి డోమ్‌పైకి తిప్పుతారు. అద్దం ఉన్న వైపు బొమ్మ మసకగా ఉంటుంది. పిల్లల్ని దానికి వీపు పెట్టి కూర్చోబెడితే సరిపోతుంది. అద్దం మీద వేలిముద్ర పడితే మాత్రం ఆకాశమంతా మరకే.

కరెంటు పోతే డోమ్ వెంటనే కూలదు, ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా వాలుతుంది. గుడ్డ తేలికే కానీ చీకట్లో పిల్లలు బెదిరిపోతారు. బ్లోయర్‌కు యూపీఎస్ ఉందా, గుడ్డ నిప్పంటుకోని రకమా, షో నడుస్తున్నంతసేపూ ద్వారం దగ్గర మనిషి ఉంటాడా, ఈ మూడింటికీ అవునని చెప్పకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

మైదానంలో వేస్తామంటే జూన్, జులైలలో ఒప్పుకోవద్దు. రామగిరి గాలిమరలను తిప్పే గాలికి ఈ డోమ్ ఒక లెక్క కాదు, ఇసుక బస్తాలు పెట్టినా లేస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బుక్ చేసుకోండి. ఎండ తక్కువ, పైగా సాయంత్రం పెందలాడే చీకటి పడుతుంది కాబట్టి పొద్దున డోమ్‌లో చూసిన పిల్లలకోడి చుక్కల గుంపును (కృత్తికను) ఆ రాత్రే ఆకాశంలో గుర్తుపట్టొచ్చు.