గైడ్‌ని ఎంచుకోవడానికి ఏది మేలు: మొత్తం సైటేషన్లా, హెచ్-ఇండెక్సా, పేపర్లా?

నాగార్జున యూనివర్సిటీలోనో, గుంటూరు, విజయవాడ కాలేజీల్లోనో ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీకి అప్లై చేసే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. "సార్, ఇద్దరూ పిండం ఎదుగుదలలో జీన్ రెగ్యులేషన్ మీదే పనిచేస్తున్నారు. ఆయన హెచ్-ఇండెక్స్ 40, ఆవిడది 15. ఎవరికి మెయిల్ పెట్టమంటారు?"

సైటేషన్ అంటే ఒక పేపర్‌ని వేరే పేపర్ ప్రస్తావించడం. మొత్తం సైటేషన్ల సంఖ్యకి నేను పెద్దగా విలువ ఇవ్వను. ప్రోటీన్ ఎంతుందో కొలిచే లౌరీ పద్ధతి మన బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో అందరూ చేసిందే. 1951 నాటి ఆ పేపర్‌కి సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. వాడుకున్న ప్రతివాళ్ళూ దాని పేరు రాయాల్సిందే కదా! జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే రియల్-టైమ్ పీసీఆర్ ఫలితాలు లెక్కకట్టడానికి లివాక్, ష్మిట్‌జెన్ 2001లో రాసిన పేపర్‌దీ అదే కథ. రివ్యూ వ్యాసాలకీ సైటేషన్లు దండిగా వస్తాయి. ఆ సంఖ్య చూస్తే ఎంతమందికి పనికొచ్చిందో తెలుస్తుందిగానీ ఏం కనిపెట్టారో తెలియదు.

హెచ్-ఇండెక్స్ కొంత నయం. ఒక్కోదానికి కనీసం 15 సైటేషన్లు వచ్చిన పేపర్లు 15 ఉంటే ఇండెక్స్ 15 అన్నమాట. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ లెక్కలో ఒక్క హిట్ పేపర్‌తో గట్టెక్కడం కుదరదు. కానీ ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఐదే పేపర్లు రాసి ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు తెచ్చుకున్న మనిషి ఇండెక్స్ 5. నలభై పేపర్లకి నలభై చొప్పున వస్తే 40. పైగా పేపర్లో మొదటి పేరు వాళ్ళకీ, ముప్ఫయ్యో పేరు వాళ్ళకీ ఒకటే మార్కు. క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళు లెక్కలేనంతమంది, పండ్ల ఈగ పిండాల మీద పనిచేసేవాళ్ళు కొద్దిమంది. ఈ రెండు రంగాల ఇండెక్సులనూ పక్కపక్కన పెట్టడమే తప్పు. మ్యూటెంట్ లైన్లు తయారు చేసి, క్రాస్‌లు వేసి, తరాల తరబడి చూడాల్సిన పనిలో ఏడాదికి ఆరు పేపర్లు వస్తుంటే నాకు గౌరవం కన్నా ముందు అనుమానం కలుగుతుంది.

మన పేర్లతో ఇంకో తంటా. ఇంటిపేరు ఒక్క అక్షరం, చివర రావో కుమారో. దాంతో ఇద్దరు ముగ్గురి పేపర్లు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతాయి. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటే సరిచూసుకోవచ్చు.

నా దృష్టిలో తేల్చేది పేపర్లే, అందులోనూ ఒకే ప్రశ్నని ఎన్నేళ్ళు వెంటాడారన్నది. జన్యుశాస్త్రవేత్త ఎడ్ లూయిస్ 1946లో అమెరికాలోని కాల్‌టెక్‌లో అధ్యాపకుడిగా చేరారు. ఈగ ఒంట్లో ఏ భాగం ఎక్కడ రావాలో నిర్ణయించే బైథొరాక్స్ జీన్ల సముదాయాన్ని పట్టుకుని దశాబ్దాలు గడిపారు. అదంతా గుదిగుచ్చిన పేపర్ నేచర్‌లో వచ్చింది 1978లో, నోబెల్ 1995లో. అదే బైథొరాక్స్ ప్రాంతంలో జీన్లను విడదీసే సరిహద్దు డీఎన్ఏ మీద హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా పనిచేశారు. అంటే ఈ పని మనకేం దూరం కాదు.

ఇంకా గట్టి ఉదాహరణ లిన్-4 అనే జీన్. నులిపురుగు లార్వా దశల వేళని నియంత్రించే ఈ జీన్ నుంచి ప్రోటీన్ రాదు, చిన్న ఆర్ఎన్ఏ వస్తుంది. ఆంబ్రోస్, రువ్‌కున్ ల్యాబులు 1993లో సెల్ పత్రికలో ఈ సంగతి బయటపెడితే, పురుగుల వింత అని చాలామంది పక్కన పెట్టేశారు. 2000లో అలాంటిదే లెట్-7 అనే మరో చిన్న ఆర్ఎన్ఏ దొరికి, అది మనుషుల్లోనూ ఉందని తేలాకే ఊపు వచ్చింది. 2024లో వాళ్ళిద్దరికీ నోబెల్. 1996లో ఎవరైనా సైటేషన్లు చూసి ల్యాబ్ ఎంచుకుని ఉంటే వాళ్ళ గడప తొక్కేవారు కాదేమో. అన్నట్టు, ఆంబ్రోస్ పేపర్లో మొదటి పేరు రోసలిండ్ లీది.

ఆ మొదటి పేరే మీరు చూడాల్సింది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌ని సైటేషన్ల వరుసలో కాకుండా సంవత్సరాల వరుసలో పెట్టండి. ఈ రంగంలో ల్యాబ్ నడిపేవాళ్ళ పేరు సాధారణంగా చివర ఉంటుంది కాబట్టి, గైడ్ పేరు చివర ఉన్న పేపర్లు మాత్రమే తీసుకోండి. మొదటి పేరున్న విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి. ఆపైన ఒక పాత పేపర్, ఒక కొత్త పేపర్ చదవండి. పాతదాంట్లో తేలని విషయం కొత్తదాంట్లో కదిలిందా?

ఐ10 (కనీసం పది సైటేషన్లు వచ్చిన పేపర్ల సంఖ్య), జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలో పేపర్లకి సగటున వచ్చే సైటేషన్లు) అంటారా, వదిలేయండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషుల్ని తూచొద్దని పరిశోధనని ఎలా అంచనా వేయాలన్న దాని మీద శాస్త్రవేత్తలు చేసిన డోరా ప్రకటన 2012లోనే చెప్పింది.

పెద్ద ఇండెక్స్ ఉన్న ల్యాబ్‌లో నిధులు, పరిచయాలు ఎక్కువన్నది నిజమే. సెలక్షన్ కమిటీలు ఇప్పటికీ అంకెలు చూస్తాయి. కానీ జేఆర్‌ఎఫ్ (నెట్ లాంటి పరీక్ష నెగ్గితే వచ్చే పరిశోధన ఫెలోషిప్) ఉంటే నెలకి 37,000 రూపాయలు మీవెంటే వస్తుంది కాబట్టి స్టైపెండ్ టెన్షన్ అక్కర్లేదు. అందుకే 15 ఉన్న ఆవిడ విద్యార్థులు బాగా స్థిరపడి ఉంటే, నేను ముందు ఆవిడకే రాయమంటాను. మెయిల్‌లో ఆవిడ కొత్త పేపర్లోని ఒక బొమ్మ మీద మీకొచ్చిన సందేహం రాయండి. మార్కుల జాబితా అటాచ్‌మెంట్‌లో ఉంటే చాలు.