మా ఎలివేషన్‌కు ఏసీపీ: తొమ్మిదేళ్ల తర్వాత

విశాఖలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద అద్దెకిచ్చిన షాపు, పైన మేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి ముందువైపు అద్దాలన్నీ పగిలిపోయాయి. మళ్లీ అద్దమంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. 2016లో ముందు గోడకు ఏసీపీ వేయించాం, అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే షీట్లు. ఆ తుపానులో ఊళ్లో ఏసీపీ షీట్లు కూడా ఎగిరిపోవడం చూశాను కాబట్టి ఫ్రేమ్ గట్టిగా ఉండాలని కాంట్రాక్టరుకు మరీ మరీ చెప్పాను. షీటుకీ షీటుకీ మధ్య సందులో ఏం నింపుతారని మాత్రం అడగలేదు. నా బాధంతా ఆ సందు గురించే.

మొదటి నాలుగేళ్లూ చాలా సంతోషంగా ఉన్నాం. పైపుతో నీళ్లు కొడితే దుమ్మంతా పోయేది. పక్కింటివాళ్లు రెండోసారి రంగులు వేయిస్తుంటే మాది కొత్తదానిలాగే కనిపించేది. అడిగినవాళ్లందరికీ వేయించుకోమనే చెప్పాను. విజయనగరంలో మా చెల్లెలు నా మాట మీదే వేయించుకుంది.

2020 వానల్లో పడకగది గోడకు, కిటికీ పైన, చెమ్మ మొదలైంది. డాబా లీకనుకుని పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. తగ్గలేదు. బాత్రూమ్ పైపు అన్నారు, అదీ మార్పించాం. మరుసటి ఏడు లోపల పెచ్చులూడాయి. చివరికి అసలు సంగతి పట్టుకున్నది మా ఆవిడే. వాన నిలువుగా పడితే గోడ పొడిగా ఉంటోందని, సముద్రం వైపు నుంచి గాలి తోసినప్పుడే తడుస్తోందని చెప్పింది. మాది తూర్పు ముఖం.

ఏసీపీ పనిచేసే కుర్రాణ్ణి ఒకణ్ణి పిలిచాం. పరంజా ఎక్కి సందులోని సిలికాన్‌ను గోటితో లాగితే రబ్బరు తాడులా బారెడు పొడవున ఊడొచ్చింది. "వేసిన రోజు పుల్లటి వాసన వచ్చిందా సార్?" అని అడిగాడు. వచ్చింది. ఇల్లంతా వెనిగర్ వాసన, నాకు బాగా గుర్తు. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది లోహాన్ని తింటుంది. బయటి ఏసీపీ సందుకు వాడాల్సింది ఆ పుల్లటి వాసన రాని న్యూట్రల్ వెదర్ సిలికాన్. పైగా సందులో ముందు ఫోమ్ తాడు కూరాలి. అప్పుడు సిలికాన్ రెండు పక్కలా షీట్లనే పట్టుకుని, వాటితో పాటు సాగుతుంది. ఎనిమిదడుగుల షీటు నలభై డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. మా సందుల్లో తాడే లేదు. సిలికాన్ వెనకాల ఫ్రేముకు కూడా అతుక్కుని, సాగలేక అంచుల్లో చిరిగింది.

షీటు విప్పాక నీళ్ల దారి మొత్తం కనిపించింది. చిరిగిన సందులోంచి లోపలికి జారి, అడ్డంగా ఉన్న అల్యూమినియం పైపు మీద నిలిచి, బోల్టుల కోసం గోడకు కొట్టిన రంధ్రాల్లోంచి గదిలోకి దిగుతున్నాయి. ఆ రంధ్రాలు ఎవరూ మూయలేదు. ఉప్పు గాలికి ఇనుప స్క్రూలు తుప్పుపట్టి కొన్నిటికి తలలే లేవు. గట్టిగా ఉండాలని నేను అన్నిసార్లు చెప్పిన ఫ్రేమ్ అది.

సందులన్నీ గీకించి, తాడు పెట్టించి, మంచి సిలికాన్ వేయించి, స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ డబ్బుతో ముందువైపు గోడకు రెండుసార్లు రంగు వేయించుకోవచ్చు. రంగుల ఖర్చు తప్పిందని నేను చెప్పిన మాట అక్కడితో సరి. పాత షాపు బోర్డు తీసినప్పుడు దాని చాటున ఉన్న షీటు ఎరుపు చూశాక, మిగతాది ఎంత వెలిసిపోయిందో కూడా తెలిసింది.

ఇంకొకటి కూడా కనిపించింది. ఏసీ వైర్ల కట్ట షీటుకు ఆనుకునే పోతోంది. మిగిలిన ముక్క ఒకటి డాబా మీద వెలిగించి చూస్తే మధ్యలోని ప్లాస్టిక్ మైనంలా కారుతూ మండింది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అక్కడ గోడల మీద ఉన్నవీ ఇలా పాలిథిలిన్ నింపిన షీట్లే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే వైర్లు అక్కడి నుంచి తీయించి వేరే దారిన వేయించాను. షీట్లు మాత్రం ఉంచాను. మాది రెండంతస్తులే, మెట్లు నేరుగా రోడ్డు మీదకు దిగుతాయి. అదే పదో అంతస్తు ఫ్లాటయితే ఉంచేవాణ్ణి కాదు. ఇప్పుడు కొత్తగా వేయించాల్సి వస్తే ఖరీదు ఎక్కువైనా మధ్యపొర తేలిగ్గా అంటుకోని ఎఫ్ఆర్ కోర్ షీటే అడుగుతాను, దుకాణంలో ముక్క కోయించి కాల్చి చూసే కొంటాను.

రిపేరు తర్వాత మూడు వానాకాలాలు గడిచాయి, గోడ పొడిగానే ఉంది. సముద్రానికి దూరంగా, పైన వెడల్పాటి సన్‌షేడ్ ఉన్న ఇంటికి ఈ తంటా ఇంత త్వరగా రాకపోవచ్చు. మొన్న విజయనగరం వెళ్లినప్పుడు మా చెల్లెలింటి సందుల్లో గోరు పెట్టి చూశాను. ఇంకా పట్టు ఉంది, రెండుచోట్ల మాత్రం అంచు లేస్తోంది. వానల్లోపు ఆ కుర్రాణ్ణి తీసుకొస్తానని చెప్పి వచ్చాను.