స్టూడెంట్ రూముల రెంటు మ్యాప్: హీట్‌మ్యాపా, పిన్నులా, గడులా? ఏది మేలు?

నల్గొండల రూము వెతికే పిల్లల కోసం రెంటు మ్యాప్ చేద్దాం అనంగనే అందరు ముందుగాల హీట్‌మ్యాపే అంటరు, చూడనీకి బాగుంటది, ఎర్రగుంటే పిరం నీలంగుంటే అగ్గువ అని ఎవ్వలకైనా సమజైతది అనుకుంటరు. తిరకాసు ఆడనే ఉంది. మామూలు హీట్‌మ్యాప్ రెంటు చూపియ్యదు, రూములు ఏడ గుంపుగ ఉన్నయో చూపిస్తది.

మ్యాపులు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌ల రెంటుని వెయిట్‌గ పెట్టినా, అంటే ఒక్కో రూముకి దాని రెంటంత బరువు ఇచ్చినా అంతే, అది సగటు తియ్యదు, కూడుకుంట పోతది. రామగిరి దిక్కు ఒక్క గల్లీల 2,000 రూపాయల రూములు పది ఉన్నయనుకోండి, ఇంకో కాడ 6,000ది ఒక్కటే ఉందనుకోండి, మ్యాప్‌ల ఎర్రగ మండేది ఆ అగ్గువ గల్లీనే! ఊరికి కొత్తగ వచ్చిన పిల్లగాడు అది చూసి ఆ దిక్కే పోడు, వానికి పనికొచ్చే రూములన్నీ ఆడనే ఉన్నా సరే. పైంగ రేడియస్, అంటే ఒక్కో రూము చుట్టు రంగు పరుచుకునే దూరం, మామూలుగ స్క్రీన్ మీది మిల్లీమీటర్లల్ల ఉంటది కాబట్టి జూమ్ చేసినకొద్దీ మచ్చలు మారుతయి, దాన్ని మీటర్లకి మార్చుకోవాలె.

మరి రెంటునే రంగుగ పరిచే ఐడీడబ్ల్యూ అనే లెక్క పద్ధతి ఉంది కదా అంటరు. ఉంది, దగ్గరి రూముకి ఎక్కువ లెక్క, దూరపు రూముకి తక్కువ లెక్క వేసి నడుమ జాగ నింపుతది. కానీ రూములు లేని కాడ కూడ నింపుతది, పానగల్ కాడ ఉదయ సముద్రం నీళ్ల మీద కూడ రెంటు చూపిస్తది. మనలాంటి ఊరికి ఇది వద్దు.

పిన్నులు నాకు ఇష్టం. గూగుల్ మై మ్యాప్స్‌ల షీట్ ఎక్కిస్తే ఒకసారికి 2,000 వరుసల దాక తీసుకుంటది, పిన్ను నొక్కంగనే అడ్వాన్స్ ఎంత, కరెంటు బిల్లు వేరేనా, నీళ్లు పొద్దంత వస్తయా, బ్యాచిలర్స్‌కి ఇస్తరా లేదా అన్నీ కనవడతయి, ఇవి ఏ రంగు చెప్పలేదు. కానీ ఆడపిల్లలు ఉండే రూము ఇల్లుతో సహా అందరికీ చూపెట్టడం తప్పు, ఈ విషయంల నేను అస్సలు తగ్గను.

అందుకే నా ఓటు గడులకే. 300 మీటర్ల షట్కోణాల గ్రిడ్ వేసి ఒక్కో గడిల రెంట్ల మీడియన్, అంటే తక్కువ నుంచి ఎక్కువకి వరుసగ పేరిస్తే సరిగ్గ నడుమ వచ్చే రేటు తియ్యాలె, సగటు కాదు. ఒక గడిల 2,500, 2,500, 3,000, 3,000, కొత్త ఫ్లాట్ 12,000 ఉంటే సగటు 4,600 వస్తది, ఆ రేటుకి ఆ గల్లీల ఒక్క రూమూ లేదు, మీడియన్ 3,000 అని ఉన్నదున్నట్టు చెప్తది. అయిదు కంటే తక్కువ రూములున్న గడి ఖాళీగనే వదిలెయ్యాలె, నీళ్ల మీద రంగు పడే బాధ తప్పుతది, ఎవరి ఇల్లూ బయటపడదు.

ఇంకోటి, రెంటు ఒక్కటే చూస్తే చాలదు. మన మహాత్మాగాంధీ యూనివర్సిటీ అన్నెపర్తి దిక్కు ఊరు బయట ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కాబట్టి ఊరి నడుమ క్లాక్‌టవర్ కాడ ఉండి యూనివర్సిటీకి పోయొచ్చినా వాళ్లకి బస్ కిరాయి లేదు, మగపిల్లలకి మాత్రం నెలకి బస్సో షేర్ ఆటోనో రెంటు మీద కలుస్తది. అంటే ఒకే గడికి రెండు రేట్లు, రెండు లేయర్లు వెయ్యాల్సిందే.

నేనైతే పైన గడులు పెట్టి, దగ్గరికి జూమ్ చేసినంక ఓనరు ఒప్పుకున్న మగపిల్లల రూములకే పిన్నులు తెరుచుకునేటట్టు చేస్త, షీట్‌ల తారీఖు కాలమ్ పెట్టి పోయినేడాది రేట్లు అడ్మిషన్ల ముందే తీసేస్త.