సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళు జాగ్రత్త: లక్ష తగ్గిందని వరద బండి తెచ్చుకున్నా

ఏపీ 39 నంబరుతో, మార్కెట్ రేటు కన్నా లక్ష తక్కువకి, తళతళ మెరిసే బండి దొరికిందని సంబరపడుతున్నవాళ్ళుంటే అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి.

నాకు పోయినేడు ఫిబ్రవరిలో అలాంటిదే దొరికింది. 2019 పెట్రోల్ సెడాన్, సింగిల్ ఓనర్, 41 వేల కిలోమీటర్లు. హైదరాబాద్‌లో నేను చూసినవన్నీ ఆరున్నర లక్షల దగ్గర ఉంటే, ఈ బండి అమ్మేవాడు 5 లక్షల 40 వేలన్నాడు. ఎందుకింత తక్కువ అంటే, "ఓనర్ కెనడా పోతుండు సార్, అర్జెంటు" అన్నాడు. సెకండ్‌హ్యాండ్ కార్ల ఓనర్లంతా ఎప్పుడూ ఏదో ఒక విమానం ఎక్కుతూనే ఉంటారని నాకప్పటికి తెలీదు.

అదే వారం మా ఆఫీసులో సీనియర్ ఒకాయన తన 2017 బండి 5 లక్షల 80 వేలకి ఇస్తానన్నారు. 78 వేలు తిరిగింది. ఎడమ డోరు మీద పొడుగాటి గీత, సీట్లు వెలిసిపోయాయి. కానీ కొన్నప్పటి నుంచి ప్రతి సర్వీసు బిల్లూ ఫైల్లో పెట్టుకున్నారు. "రెండేళ్ళు పాతదానికి నలభై వేలు ఎక్కువా!" అని ఇంటికొచ్చి మా ఆవిడతో నవ్వుకున్నా కూడా.

మూడు వారాలకి డ్రైవర్ పక్క అద్దం దానంతటదే దిగిపోయింది. తర్వాత హారన్ పోయింది, ఆ తర్వాత సెంట్రల్ లాక్. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా ఒక స్విచ్ మార్చి రెండు వేలు పట్టుకెళ్ళేవాడు. జూన్‌లో విజయవాడ హైవే మీద, చిట్యాల దాటాక, పిల్లలు వెనక సీట్లో ఉండగా డాష్‌బోర్డులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి బండి ఆగిపోయింది.

టోయింగ్ చేయించి తీసుకెళ్తే, మెకానిక్ బానెట్ జోలికే పోలేదు. డ్రైవర్ సీటు కింద కార్పెట్ పీకి, వైర్ల జాయింట్ల మీద ఆకుపచ్చ పొడి చూపించాడు. "అన్నా, ఈ బండి నీళ్ళు తాగింది."

అప్పుడు ఆర్సీ తీసి చూశా. రిజిస్ట్రేషన్ విజయవాడ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉంది కదా, ఆ వార్తలన్నీ టీవీలో చూసినవాణ్ణే. పాత నంబర్లయితే ఏపీ 16 అనగానే కృష్ణా జిల్లా అని తెలిసేది; 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 తెచ్చారు కాబట్టి ప్లేటు చూస్తే ఏ ఊరో తెలీదు. విజయవాడ బండ్లన్నీ మునిగినవే అనడం లేదు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది, 2020 అక్టోబరులో మన హైదరాబాదూ మునిగింది. ఊరేదో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

అసలు నా కళ్ళ ముందే ఉన్న ఆధారం ఇన్సూరెన్స్ కాగితం. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, దగ్గర సున్నా ఉంది. ఒకే ఓనరు అయిదేళ్ళు క్లెయిమ్ లేకుండా కడితే అది 50 శాతానికి చేరాలి. సున్నా ఉందంటే ఒకటి, అంతకుముందు ఏడాది క్లెయిమ్ చేశారు; లేదా పాలసీ మూడు నెలలకు పైగా ఆగిపోయింది. రెండింటికీ కారణం అడగాల్సిందే. నేను చెల్లుబాటు తేదీ ఒక్కటే చూశా.

వరద బండితో చిక్కేమిటంటే, కొన్నరోజు అది బాగానే నడుస్తుంది. మురికినీళ్ళు కనెక్టర్లలోకి దూరి, లోపల రాగిని మెల్లగా తినడానికి నెలలు పడుతుంది. ఈలోగా షాంపూ వాష్, పాలిష్, సీట్లకి కొత్త కవర్లు. మెకానిక్ నాకు చూపించినవి చెబుతా: సీటుబెల్టు చివరిదాకా లాగితే అడుగున మట్టి చార ఉంది. సీటు పట్టాల బోల్టులు తుప్పు. స్టెప్నీ గుంటలో మూలల్లో ఒండ్రు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఎయిర్‌బ్యాగ్ లైటు. తాళం తిప్పగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. నా బండిలో అసలు వెలగదు. గేర్ రాడ్ కింద ఉండే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ పాడైతే హెచ్చరిక కనబడకుండా ఎవరో దీపాన్నే తీసేశారు. అంటే నాలుగు నెలలు పిల్లల్ని ఎయిర్‌బ్యాగుల్లేని బండిలో తిప్పా.

వైరింగు, ఇంజిన్ కంప్యూటర్, సెన్సర్లు కలిపి ఇప్పటికి లక్షా 62 వేలు. ఎయిర్‌బ్యాగులు ఇంకా మిగిలాయి. ఏపీ బండి తెలంగాణకి మార్చుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. రేటు పోల్చుకున్నప్పుడు అదీ కలపలేదు. అమ్మినవాణ్ణి అడిగితే, "ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నా అని సంతకం పెట్టిండ్రు కదా సార్" అన్నాడు. పెట్టాను, నిజమే.

ఇప్పుడైతే కొనే ముందు రెండు మూడు వేలిచ్చి, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌ని వెంట తీసుకెళ్తా. బండి నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో చరిత్ర అడుగుతా. నాది 2024 జులై దాకా ఉండి, ఆ తర్వాత ఒక్క ఎంట్రీ లేదు.

మొన్న ఒక బ్రోకర్ ఫోన్ చేశాడు. నాలుగు లక్షలిస్తా, నీళ్ళ సంగతి మాత్రం బయటపెట్టొద్దు అన్నాడు. ఇవ్వలేదు. ఎప్పుడు ఎవరికి ఇచ్చినా, మెకానిక్ రాసిచ్చిన కాగితం ఆర్సీతో పాటే ఇస్తా.